పెన్సిల్ మీద ఇంకు

జూలై 14, సోమవారం

నా మ్యాగజైన్‌కి ఊపిరాడటం లేదట.

మేడం అలా అంది, క్లాసులో అందరి ముందు, గోడకి పిన్ చేసిన నా పద్నాలుగు పేజీల ఎదుట నిలబడి. మేడం మా చిన్నమ్మాయి కంటే రెండేళ్ళు చిన్నది. పేజీ నిండా అక్షరాలు కుక్కేశారు సర్, చదివేవాడు బొటనవేలు ఎక్కడ పెట్టుకోవాలి అని అడిగింది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

ముప్ఫై ఆరేళ్ళు ప్రెస్సులో ప్రూఫులు దిద్దినవాణ్ణి. ఖాళీ అంటే మాకు కాగితం దండగ. పేజీ అడుగున నాలుగు లైన్ల తెల్లజాగా కనిపిస్తే మా ఓనరు ఇంట్లో దొంగ పడ్డట్టు కేకలు పెట్టేవాడు. ఇప్పుడు దాన్నే వైట్ స్పేస్ అంటున్నారు. అప్పుడు తిట్లు పడ్డదానికి ఇప్పుడు మార్కులు పడుతున్నాయి. నాకు మాత్రం రెండు కాలాల్లోనూ తిట్లే.

బొటనవేలి సంగతి మాత్రం నిజం. ఇంటికొచ్చి అల్మారాలోంచి నేను దిద్దిన పుస్తకాలు ఒక్కొక్కటే తీసి పట్టుకుని చూశాను. ప్రతి పుస్తకంలోనూ నా వేలు అక్షరాల మీదే పడింది. ఈ మాట మేడంకి చెప్పను.

జూలై 15

ఏమండీ, నిన్నంతా పుస్తకాలు పట్టుకుని వేళ్ళు చూసుకుంటున్నారు, మీ కాలేజీలో జోస్యం కూడా చెప్తారా ఏమిటి అని మా ఆవిడ అడిగింది. పుస్తకాలు అల్మారాలో పెట్టేశాను. కారణం చెబితే వీధంతా తెలుస్తుంది. మీ ఆయన ఏం చదువుతున్నారని ఎవరైనా అడిగితే ఇప్పటికే తిట్లలో డిప్లొమా అని చెబుతోంది.

అరవై తొమ్మిదేళ్ళవాడికి గ్రాఫిక్ డిజైన్‌లో సీటెలా వచ్చిందని అందరికీ ఆశ్చర్యం. ప్రాస్పెక్టస్‌లో కనీస వయసు వేశారు, గరిష్ఠ వయసు వెయ్యడం మరిచిపోయారు. జీవితమంతా ఇతరుల పొరపాట్లు దిద్దాను. ఆ ఒక్కటీ దిద్దకుండా వాడుకున్నాను. మరుసటి ఏడు ప్రాస్పెక్టస్‌లో ఆ గడి నింపేశారు. ఆ కాలేజీకి నేను చేసిన మొదటి సేవ అదే.

క్లాసులో ఇరవై రెండు మంది పిల్లలు. నాకు ఫుట్‌నోట్ అని పేరు పెట్టారు. ఎందుకర్రా అంటే, పేజీ అడుగున చిన్నగా ఉంటారు, కానీ పైన రాసినదంతా తప్పంటారు అని చెప్పారు. నాకు వచ్చిన బిరుదులన్నిటిలోనూ అర్హతను బట్టి వచ్చింది ఇదొక్కటే.

ఆగస్టు 4, సోమవారం

ఆఖరి ప్రాజెక్టు ఇచ్చారు. పుస్తకం. విషయం మన ఇష్టం. అట్ట నుంచి అట్ట దాకా మనమే డిజైన్ చేసి, అచ్చు వేయించి, బైండు చేయించి, నవంబర్ ఇరవై నాలుగున జ్యూరీ ముందు పెట్టాలి. జ్యూరీలో ముగ్గురు. మేడం. బయటి నుంచి ఒక డిజైనరు. మూడో పేరు బోర్డు మీద రాయగానే నా చెవుల్లో పాత మిషన్లు మోగాయి.

చిన్నాయన. నేను ముప్ఫై ఆరేళ్ళు పనిచేసిన పబ్లిషింగ్ హౌస్‌కి ఇప్పటి ఓనరు. ఆయన తండ్రి పెద్దాయన, అప్పటి ఓనరు, పోయి ఆరేళ్ళయింది.

పిల్లలంతా విషయం కోసం గోళ్ళు కొరుక్కుంటున్నారు. నా విషయం ఆ నిమిషంలోనే తేలిపోయింది.

ఆగస్టు 5, ఉదయం 6

పెద్దాయన నిఘంటువు సంగతి. ముప్ఫై ఒక్క ఏళ్ళ కిందటి మాట. నోటితో చాలామందికి చెప్పాను, కాగితం మీద ఇదే మొదటిసారి.

తొమ్మిది ముద్రణలు వచ్చాయి. అట్ట మీద ఆయన పేరు, లోపల ఆయన ఫొటో, ఇరవై పేజీల ముందుమాట. ఆ ఇరవై పేజీల చివర ఒక్క వాక్యం: సహకరించిన ప్రెస్సు సిబ్బందికి కృతజ్ఞతలు.

ఆ సిబ్బంది నేను.

ఆయన రాతప్రతి జల్లెడ. పదం ఉంటుంది, అర్థం ఉండదు. ఎదురుగా 'చూడాలి' అని రాసి ఉంటుంది. ఎవరు చూడాలి? టైపు కూర్చి, మూరెడు పొడుగు గ్యాలీ ప్రూఫులు తీసి నా బల్ల మీద పడేసేవారు. ఆ ఖాళీలన్నీ మార్జిన్లలో నింపాను. వెయ్యీ నూట నలభై అర్థాలు. పుస్తకం బైండింగుకి పోయే ముందు వెళ్ళి, లోపల ఎక్కడైనా నా పేరు వేస్తారా అని అడిగాను. పెద్దాయన నవ్వాడు. ఏమయ్యా, ఇల్లు కట్టినవాడి పేరు గోడ మీద రాస్తారు గానీ సున్నం కొట్టినవాడి పేరు రాస్తారా అన్నాడు.

తర్వాత ఆయనకి ఎన్ని సన్మానాలు! ప్రతి సభలోనూ ఆయన చెప్పే మాట ఒకటి ఉండేది: ఒక్కో పదం కోసం ఒక్కో రాత్రి నిద్ర మానుకున్నాను. ఆ రాత్రులు ఆయన హాయిగా పడుకున్నాడు. ఆ సంగతి నాకు తెలుసు, ఎందుకంటే తెల్లారి ప్రూఫులు ఆయన బల్ల మీద నేను పెట్టినవి పెట్టినట్టే ఉండేవి.

కంప్యూటర్లు వచ్చాక ప్రెస్సులోని పాత కాగితాలు లారీకెక్కిస్తుంటే, ఆ గ్యాలీలు రెండు వందల పన్నెండూ చుట్టచుట్టి ఇంటికి తెచ్చుకున్నాను. పాతికేళ్ళుగా మంచం కింద ఉన్నాయి. ప్రతి ఏటా మా ఆవిడ వాటిని పారెయ్యమంటుంది, ప్రతి ఏటా నేను అన్నం మానేస్తానంటాను.

నా పుస్తకం పేరు 'సున్నం'. చిన్నాయన అందరి ముందు కూర్చుని, తన చేత్తో, ఒక్కో పేజీ తిప్పాలి. అంతే. నాకు ఇంకేం వద్దు.

ఆగస్టు 6

వండినవాడు వంటింట్లో, వడ్డించినవాడు వేదిక మీద.

ఆగస్టు 19, మంగళవారం

ప్రిన్సిపాల్ గదికి పిలిచాడు. కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాడు. ఆఫీసుల్లో పిలవగానే మంచినీళ్ళిచ్చారంటే కత్తి నూరడం అయిపోయిందని అర్థం.

మన ప్రింటింగ్ ల్యాబ్ చిన్నాయన గారి డొనేషన్ అని తెలుసుగా సార్ అన్నాడు. తెలుసన్నాను. జ్యూరీలో ఆయనే కూర్చుంటారు కదా, బావుండదేమో అన్నాడు. ఆయన కూర్చుంటేనే బావుంటుందన్నాను. కాసేపు ఫ్యాను వంక చూసి, పక్షుల మీద చెయ్యండి సార్, మంచి ఫొటోలు మా దగ్గరే ఉన్నాయి, గొడవుండదు అన్నాడు.

నాకు పక్షులతో తగాదా ఏమీ లేదన్నాను.

ప్రాజెక్టు వివరాలు రాసిచ్చిన బ్రీఫ్ కాగితం జేబులోంచి తీసి, 'విషయం విద్యార్థి ఇష్టం' అన్న లైను చూపించాను. ముందే గీత గీసి తీసుకెళ్ళాను. పెద్దవారు కదా అని ఊరుకుంటున్నానన్నాడు. ఊరుకోవడం ఎప్పుడూ చిన్నవాళ్ళే నేర్చుకోవాలన్నాను. ఏ అర్థంలో అన్నానో నాకే తెలియదు. ఆయనకి మాత్రం ఏదో తెలిసినట్టుంది, మొహం ఎర్రబడింది.

సెప్టెంబర్ 9

పుస్తకం పొడుగ్గా, సన్నగా ఉంటుంది. గ్యాలీ కాగితాన్ని మడత పెట్టకుండా నిలబెట్టాలంటే అంతే. ఎడమ పేజీలో గ్యాలీ, కుడి పేజీలో నా వాంగ్మూలం. పదహారు పేజీల ఫారాలు ఎనిమిది, మొత్తం నూట ఇరవై ఎనిమిది పేజీలు. చివరి ఫారాల్లో వెయ్యీ నూట నలభై అర్థాల పట్టిక.

నా పక్క సిస్టమ్ ముందు కూర్చునే పిల్ల మెడలో ఎప్పుడూ హెడ్‌ఫోన్స్ వేలాడుతుంటాయి. పేరు కూడా అదే పెట్టుకున్నాను. ఆమె బస్సు టికెట్ల మీద పుస్తకం చేస్తోంది. బస్సు టికెట్ల మీద పుస్తకమేమిటే అంటే, కోపం మీద పుస్తకం చెయ్యచ్చు గానీ టికెట్ల మీద చెయ్యకూడదా ఫుట్‌నోట్ గారూ, టికెట్టయితే కనీసం ఎక్కడికో తీసుకెళ్తుంది అంది. నోరు పెద్దది. చెయ్యి మంచిది. నేను మెనూలో వెతికే లోపల ఆమె రెండు మీటలు నొక్కి పని పూర్తి చేస్తుంది.

మొదటి డమ్మీ, అంటే నమూనా పుస్తకం, మేడంకి చూపించాను. స్కేలు తీసింది. మీ గ్రిడ్‌లో మార్జిన్ ఇరవై మిల్లీమీటర్లు సర్, కానీ మీకు కోపం వచ్చిన పేజీలు కొలవకుండానే చెప్పగలను అంది. చెప్పింది. మూడు పేజీలు చూపించింది. ఇంటికొచ్చి కొలిచాను. సున్నం మాట ఉన్న పేజీలో మార్జిన్ తొమ్మిది మిల్లీమీటర్లే ఉంది. అక్షరాలు అంచుని నెట్టుకుంటూ బయటికి పోబోతున్నాయి. నేను గ్రిడ్ గీతలు ఎప్పుడు లాగానో నాకే గుర్తులేదు.

సెప్టెంబర్ 23

కుడి పేజీలన్నీ ఖాళీ చేశాను. ఒక్కో పేజీకి ఒక్క వాక్యం మిగిల్చాను. అన్నేళ్ళు ఎన్ని నవలలు దిద్దానో! రచయితలు మూడో అధ్యాయంలో చంపిన మనిషి చేత పదకొండో అధ్యాయంలో టీ తాగిస్తే ఆ కప్పు నేను లాక్కునేవాణ్ణి. నలభై పేజీలు కొట్టేస్తే బాగుపడే పుస్తకాలు వందలు చూశాను. నా సొంత పుస్తకంలో ఒక్క విశేషణం కొట్టెయ్యడానికి నాలుగు రోజులు పట్టింది.

కానీ తేలింది. ఖాళీ పేజీలో ఒంటరిగా నిలబడ్డ వాక్యం నిండు పేజీ కంటే గట్టిగా తిడుతుంది. మేడం చూసి, ఇప్పుడు నాకు భయం వేస్తోంది సర్ అంది. రెండేళ్ళలో నన్ను మెచ్చుకోవడం ఇదే మొదటిసారి.

అక్టోబర్ 14, ఉదయం 11

గ్యాలీల స్కానింగ్. కాగితం పసుపు తిరిగింది. అలాగే ఉంచండి, వయసు కనిపించాలి అని మేడం అంది. నాకు వయసు అద్దంలో కనిపిస్తోంది చాలు. ఇవి సాక్ష్యాలు. తెల్లటి కాగితం మీద నా ఇంకు కోర్టులో నిలబడ్డట్టు నిలబడాలి.

హెడ్‌ఫోన్స్ నలుపు తెలుపు సర్దే లెవెల్స్ చూపించి, ఈ స్లైడర్ ఇటు జరిపితే పసుపు పోతుంది అంది. నేను అటు జరిపాను. స్క్రీన్ మీద కాగితం నల్లబడింది. పొరపాటని వెనక్కి లాగబోతుంటే ఆగండాగండి అంది ఆ పిల్ల.

నా ఇంకు కింద ఇంకేదో ఉంది. సన్నటి బూడిద గీతలు. రబ్బరుతో చెరిపేసినవి, కాగితంలోకి దిగిన నొక్కు మాత్రం మిగిలినవి. అవే పదాలు. అవే అర్థాలు. గుండ్రటి చేతిరాత.

ముందు పెన్సిల్‌తో రాసుకుని తర్వాత ఇంకు పెట్టేవారా ఫుట్‌నోట్ గారూ అని అడిగింది.

అవునన్నాను.

మధ్యాహ్నం 3

అబద్ధం. ఆ చేతిరాత నాది కాదు.

అక్టోబర్ 15

కాలేజీకి పోలేదు. జ్వరమన్నాను. థర్మామీటరు ఒప్పుకోలేదు. మా ఆవిడా ఒప్పుకోలేదు.

అక్టోబర్ 16, ఉదయం 9

రాయాల్సిందే.

ప్రూఫు దిద్దడం ఒక్కడి పని కాదు. ఇద్దరు కూర్చుంటారు. కాపీ హోల్డరు రాతప్రతిని పైకి చదువుతుంది, రీడరు ప్రూఫు మీద కళ్ళు పెట్టి వింటాడు. కామా, ఫుల్‌స్టాపు, కొత్త పేరా, అన్నీ పైకి అనాలి. మా కాపీ హోల్డరు అవన్నీ ఒక రాగంలో అనేది, అందుకని ప్రెస్సంతా ఆమెను ఫుల్‌స్టాపమ్మ అని పిలిచేవారు. పదకొండేళ్ళు నా ఎదురు కుర్చీ ఆమెదే. నాకంటే తొమ్మిదేళ్ళు చిన్నది.

ప్రూఫు మీద ఇంకు పెట్టే హక్కు రీడరుకే. కాపీ హోల్డరుకి ఏదైనా తోస్తే పెన్సిల్‌తో రాయాలి. రీడరు చూసి, సరే అనుకుంటే దాని మీద ఇంకుతో రాసి, పెన్సిల్ చెరిపేస్తాడు. ప్రతి గ్యాలీ అడుగున రీడరు పొడి అక్షరాలు. అన్ని ప్రెస్సుల్లోనూ అదే పద్ధతి. పద్ధతి అనే మాట ఎంత సుఖమైనదో! ఎంత పెద్ద మనిషినైనా దాని వెనక దాచచ్చు.

పెద్దాయన రాతప్రతిలో 'చూడాలి' అని వచ్చినప్పుడల్లా ఆమె ఆగేది. ఒక్క నిమిషం సార్ అనేది. గోడవైపు చూసి ఆలోచించి పెన్సిల్‌తో రాసి నా వైపు జరిపేది. నేను చదివేవాణ్ణి. నచ్చేది. ఇంకు పెట్టేవాణ్ణి. రబ్బరు తీసేవాణ్ణి.

మరిచిపోయానని రాయబోయి ఆగాను. మరిచిపోలేదు. గుర్తు పెట్టుకోలేదు, అంతే. ఈ రెంటికీ తేడా ఉందని ముప్ఫై ఒక్క ఏళ్ళు నమ్మాను.

ఇంకొకటి కూడా ఉంది. నిఘంటువు వచ్చిన ఏడే రెండో రీడరు పోస్టు పడింది. ఆ అమ్మాయి పనికొస్తుందా అని పెద్దాయన నన్నడిగాడు. చదవడం బాగా చదువుతుందండీ అన్నాను. అంతకు మించి ఒక్క మాట అనలేదు. పోస్టు ఎవరి మేనల్లుడికో పోయింది. ఆరు నెలల్లో ఆమె మానేసింది. పోతూ తన పెన్సిల్ బల్ల మీద పెట్టి, మీ దగ్గరే ఉంచుకోండి సార్, మీకే ఎక్కువ పనికొచ్చింది అంది. తమాషాకి అందనుకున్నాను.

అక్టోబర్ 17

మా ఆవిడకి చెప్పాను. కూర తరుగుతూ వింది. అయిపోయాక, ఆ పిల్ల సగం రాసేదని నాకు అప్పుడే తెలుసుగా అంది. ఎలా తెలుసని అడిగాను. మీరు ఇంటికొచ్చి మా ఫుల్‌స్టాపమ్మ ఇవాళ ఎంత మంచి అర్థం చెప్పిందోనని చెప్పేవారు, పుస్తకం వచ్చాక చెప్పడం మానేశారు అంది.

మరి ఇన్నేళ్ళు నేను పెద్దాయనను తిడుతుంటే ఎందుకు నోరు మూసుకున్నావన్నాను. మీరు తిడుతుంటే మధ్యలో ఎవరికి సందిచ్చారు అంది.

అక్టోబర్ 20, సోమవారం

హెడ్‌ఫోన్స్‌కి నిజం చెప్పాను. పెద్దగా ఆశ్చర్యపోలేదు. ఈ తరాన్ని ఏదీ ఆశ్చర్యపరచదు. అయితే తీసేద్దామా, నిమిషం పని అంది. స్టాంప్ టూల్‌తో ఒక గ్యాలీ మీద అటూ ఇటూ రుద్దింది. బూడిద గీత మాయమైంది. మంచులా తెల్లటి కాగితం, దాని మీద నా ఇంకు. నేను కోరుకున్న సాక్ష్యం సరిగ్గా అదే.

అన్నీ అలాగే చేసెయ్యమన్నాను.

అక్టోబర్ 23

మూడు రోజులు శుభ్రమైన గ్యాలీలు చూస్తూ కూర్చున్నాను. అందంగా ఉన్నాయి. జ్యూరీలో ఎవరికీ తెలియదు. ఆమె ఎక్కడుందో నాకే తెలియదు.

చెరిపేస్తే చిన్నాయన ముందు నా కేసు ఉక్కులా ఉంటుంది. ఉంచితే ఆయన చేతికి నేనే కర్ర ఇచ్చినట్టు.

కానీ ఒకే పెన్సిల్‌ని రెండుసార్లు చెరపడం! మొదటిసారి పద్ధతి అన్నాను. రెండోసారి ఏమంటాను? పెద్దాయన కూడా ఇలాగే, శుభ్రమైన కాగితం చూసి మురిసిపోయి ఉంటాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఎంతో కష్టపడి అసహ్యించుకున్న మనిషిలా ఇప్పుడు తయారవడం నా వల్ల కాదు. ఇది మంచితనం కాదు. పంతం.

హెడ్‌ఫోన్స్‌కి చెప్పాను, పాత ఫైళ్ళు వెనక్కి తెమ్మని. డిలీట్ చేసుంటే అని భయపడ్డాను. మీరు మళ్ళీ అడుగుతారని తెలిసే ఉంచాను అంది.

అక్టోబర్ 27

ఫుల్‌స్టాపమ్మ ఫోన్ నంబరు మా ఆవిడ దగ్గరే ఉంది. వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటూనే ఉన్నారట, అన్నేళ్ళూ. ఈ ఇంట్లో నాకు తెలియని ముద్రణలు ఇంకెన్ని ఉన్నాయో.

అడ్రసు కనుక్కుని వెళ్ళాను. ఒక కాలేజీ గేటు ఎదురుగా జిరాక్స్ షాపు. రెండు మిషన్లు, ఒక స్పైరల్ బైండింగ్ యంత్రం, గోడకి ఎండకి వెలిసిన రేట్ల కాగితం. కౌంటర్ వెనక ఆమె. జుట్టు తెల్లబడింది, గొంతు అదే. నన్ను చూసింది, గుర్తుపట్టింది, లైన్లో నిలబడమంది. నా ముందు తొమ్మిది మంది ఉన్నారు. తొమ్మిది మంది పనీ అయిపోయాక, ఎన్ని కాపీలు మాస్టారూ అని అడిగింది.

చెప్పాను. నిలబడే చెప్పాను, మధ్యలో ఇద్దరు వచ్చి ఆధార్ కార్డు జిరాక్సులు తీయించుకుపోయారు. అంతా విని, ముప్ఫై ఏళ్ళకి తీరిక దొరికిందన్నమాట అంది. నీ పేరు వేస్తానన్నాను. నా పేరుతో మీ తగాదాకి బలమా, మీ తగాదాతో నా పేరుకి బరువా, ఏది అని అడిగింది. ఆ వాక్యంలో దిద్దడానికేమీ లేదు.

ఆ రోజు పోస్టు విషయంలో, అని మొదలుపెట్టాను. తెలుసు, ఆయన గది తలుపు పల్చనిది అంది. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాను. ఏడుస్తే బయటికెళ్ళి ఏడవండి మాస్టారూ, ఇక్కడ కాగితాలు తడుస్తాయి అంది.

నేను ఏడవలేదు. అది రికార్డులో ఉండాలి.

వచ్చేస్తుంటే వెనక నుంచి పిలిచింది. పేరు వేస్తే అక్షరాలు సరిగ్గా చూసి వెయ్యండి, ప్రెస్సు జీతాల కాగితంలో పదకొండేళ్ళూ తప్పే పడింది అంది.

నవంబర్ 3

డిజైన్ మొత్తం మార్చాను. మూడు వారాలే ఉంది. మేడం తలపట్టుకుంది, కానీ వద్దనలేదు.

పసుపు ఉంచాను. స్లైడర్ చీకటి వైపు జరిపాను. ప్రతి గ్యాలీలోనూ ఇంకు కింద పెన్సిల్ కనిపిస్తుంది. చివరి పట్టికలో పదాలు నలుపు. పదాలు పెద్దాయనవే, కాదనను. నా అర్థాలు నీలం. ఆమె అర్థాలు బూడిద. గీత కనిపించినవి ఆరు వందల డెబ్బై, అవి ఆమెవి. నావని ఖాయంగా తెలిసినవి రెండు వందల తొంభై. మిగతా నూట ఎనభైలో కాగితం మరీ నలిగిపోయి ఏమీ తెలియడం లేదు. అనుమానమున్నవన్నీ ఆమెకే వేశాను. ఒకప్పుడు అనుమానమున్నవన్నీ నాకు వేసుకున్నాను కదా.

టైటిల్ పేజీలో రెండు పేర్లు. ముందు ఆమెది.

నలభై ఒకటో పేజీలో ఒకే వాక్యం: పెన్సిల్ ఆమెది, ఇంకు నాది, రబ్బరూ నాదే.

మార్జిన్ కొలిచాను. ఇరవై.

నవంబర్ 13

మొదటి కాపీ బైండింగ్ నుంచి వచ్చింది. తెరిస్తే తెరుచుకోదు. బల్ల మీద పెడితే పీతలా ముడుచుకుంటోంది. కాగితం నార అడ్డంగా పడింది. నార నిలువుగా ఉండాలి, వెన్నుతోపాటు. ప్రెస్సులో పుట్టి పెరిగినవాణ్ణి, కాగితం తడిపి చూడటం మరిచిపోయాను. బైండరు నన్ను చూసి, మీరు కూడానా పెద్దాయనా అన్నాడు. ఆ పిలుపు ఈ జన్మలో నాకు వద్దన్నాను.

మళ్ళీ అచ్చు.

నవంబర్ 24, సోమవారం, సాయంత్రం 5

జ్యూరీ అయింది. 

హాల్లో పొడుగు బల్ల. పిల్లలంతా గోడవారగా. చిన్నాయన ఇస్త్రీ మడత నలగకుండా కూర్చుని హెడ్‌ఫోన్స్ టికెట్ల పుస్తకం చూసి ముచ్చటపడ్డాడు. తర్వాత నాది. అట్ట చూసి, మాస్టారూ, మీరా, ఈ వయసులో ఎంత ఓపికండీ అన్నాడు. ప్రిన్సిపాల్ కిటికీ దగ్గర నిలబడి బయట పక్షుల్ని చూస్తున్నాడు.

ఒక్కో పేజీ తన చేత్తో తిప్పాడు. నేను కోరుకున్నట్టే. వాళ్ళ నాన్న సున్నం మాట ఉన్న పేజీ దగ్గర ఆగాడు. మెడ మీద నరం కదిలింది. ఆ నరం కోసం ముప్ఫై ఒక్క ఏళ్ళు ఎదురుచూశాను. చూస్తే, నరమే. ఇంకేం లేదు.

తిప్పాడు. తిప్పాడు. నలభై ఒకటి దగ్గర చిరునవ్వు నవ్వి, పుస్తకం అందరికీ కనిపించేలా ఎత్తి పట్టుకున్నాడు. మా నాన్నగారు మీ కష్టం కాజేశారంటున్నారు, సరే, ఇక్కడ మీరే ఒప్పుకుంటున్నారు, మీరు ఇంకొకరి కష్టం కాజేశానని. మరి తేడా ఏముంది మాస్టారూ అన్నాడు. ప్రిన్సిపాల్ ఊపిరి వదిలింది నాకు వినిపించింది.

తేడా ఆ పేజీయే అన్నాను. నా తప్పు నేను నా పేరుతో, పన్నెండు పాయింట్ల అక్షరాల్లో అచ్చు వేసుకున్నాను. మీ నిఘంటువు తొమ్మిది ముద్రణలైంది. మీ నాన్నగారిది ఏ పేజీలో ఉందో చూపించండి, ఇప్పుడే పట్టుకెళ్ళి ఈ పుస్తకం చింపేస్తాను అన్నాను.

గోడవారగా ఒక అమ్మాయి చెయ్యి ఎత్తి, మళ్ళీ దించేసింది. చప్పట్లు కొట్టబోయిందో ఏమో.

చిన్నాయన పుస్తకం మూసి పక్కకి జరిపాడు. బయటి డిజైనరు దాన్ని తన వైపు లాక్కుని, అంతసేపూ ఏమీ విననట్టు, బూడిద రంగు మరీ లేతగా వేశారు సర్, కళ్ళు చికిలించి చూడాల్సొస్తోంది అన్నాడు. చికిలించాలి, అందరం తేలిగ్గా దాటేసిన మనిషి కదా అన్నాను. కాసేపు చికిలించి చూశాడు.

నవంబర్ 26

పాసయ్యాను. రెండు మార్కుల తేడాతో. కంటెంట్ అనే గడిలో చిన్నాయన సున్నా వేశాడు. ఆ సున్నా చుట్టూ ఎంత వైట్ స్పేస్ వదిలాడో! వాళ్ళ నాన్న చూసి ఉంటే గుండె ఆగిపోయేది.

పోతూ పోతూ ఒక కాపీ చూసిస్తానని పట్టుకెళ్ళాడట. నన్నడగలేదు, నాకు చెప్పలేదు. చదవనీ.

నవంబర్ 28

ఫుల్‌స్టాపమ్మ కాపీ మా ఆవిడ చేత పంపాను. నేనే వెళ్ళచ్చు. మోకాలు నొప్పి.

ఏమందని అడిగాను. చేత్తో తూకం చూసి టోనరు డబ్బాల కింద పెట్టి, తర్వాత ఎవరని లైన్లోవాళ్ళని పిలిచింది అని చెప్పింది. తూకం ఎందుకు చూసిందట అన్నాను. నాకేం తెలుసు, మీ ఇద్దరి భాష నాకు ఎప్పుడర్థమైంది గనక అంది.

డిసెంబర్ 2, ఉదయం 7:40

ఫుల్‌స్టాపమ్మ ఫోన్. హలో లేదు, బాగున్నారా లేదు. నూట పదో పేజీ తియ్యండి మాస్టారూ అంది. తీశాను. పట్టికలో ఒక పదం, గొణుగుడు: గట్టిగా అనే ధైర్యం లేనివాడి ఉపన్యాసం. దీన్ని బూడిద రంగులో వేశారేమిటి, ఇది నాది కాదు, ఇంత తలతిక్క అర్థం రాసేవాడు ఆ ప్రెస్సులో ఒక్కడే ఉండేవాడు అంది. పెట్టేసింది.

నా కాపీలో దాన్ని నీలం చేశాను.